మూడో ప్రకటన

మా మామ నిండు గుడిలో, పట్టపగలు, సొంత కూతురి పేరు తీసుకెళ్లి ఇంకొకరి పెళ్లికొడుక్కి కట్టబెట్టేశాడు. తాగి కాదు. ఆయన సంఘానికి ఉపదేశి. పాస్టరయ్యగారు ఊళ్లో లేనప్పుడు ఆరాధన నడిపించే మనిషి. టీ కూడా పాపమేమో అన్నట్టు సగం గ్లాసే తాగేవాడు. ఇది జరిగి పదేళ్లవుతోంది. ఇప్పటికీ నంద్యాలలో మా చర్చి ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, ఉల్లిగడ్డలు తరగడం పూర్తయ్యేలోపు ఆ సంగతి రావలసిందే. నేను కనబడితే మాత్రం గొంతు తగ్గిస్తారు. ఆ ఇంటి కోడల్ని కదా. వాళ్లు అంత కష్టపడనక్కర్లేదు. అసలు సంగతి వాళ్లెవరికీ తెలీదు.

అది డెబ్బై తొమ్మిది. నేను కాపురానికొచ్చి ఏడాది. నా పేరు రూతు. బైబిల్లో రూతు అత్తను విడవకుండా వెంట నడిచిన కోడలు. అందుకని మా అత్త కమలమ్మ నా బి.ఏ.ని పట్టించుకోకుండా పేరు చూసి ఒప్పుకుంది. పేరు చూసి కోడల్ని తెచ్చుకోకూడదని ఆమెకు మూడో నెలలోనే తెలిసిపోయింది, పాపం. మా ఆయన ఇస్సాకు కెనాలు ఆఫీసులో గుమాస్తా. ఆయన అక్క జీవరత్నం ఆళ్లగడ్డలో టీచరు. పొద్దున చాగలమర్రి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేది, సాయంత్రానికి నంద్యాల చేరేది. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని నేను అడిగినప్పుడల్లా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పని గుర్తొచ్చేది.

మాలో పెళ్లి కుదిరితే ముందు మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదివి ప్రకటన చేస్తారు. అటు గుడిలోనూ, ఇటు గుడిలోనూ. ఈ పెళ్లి జరగకూడదని ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. వెనక వరసలో ఒక ముసలాయన దగ్గుతాడు, అంతే.

ఆ ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం అయ్యగారు చదివారు. "ఈ సంఘస్థుడైన దేవరాజునకును, ఆళ్లగడ్డ సంఘస్థురాలైన ప్రేమకుమారికిని పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఇది మొదటి ప్రకటన."

నా పక్కన వదిన పాటల పుస్తకంలో పేజీ తిప్పుతోంది. ఆ కాగితం ఆమె వేళ్ల మధ్య అలాగే నిలబడిపోయింది. అటు పడలేదు, ఇటు పడలేదు. మా గుడిలో పాట ఎత్తుకోవలసింది ఆమే. సమయానికి ఎత్తుకుంది. గొంతు ఎక్కడా తొణకలేదు.

ఇంటికొచ్చి మాంసం కూరతో రోజూకంటే ఒక ముద్ద ఎక్కువే తింది. తర్వాత పెరట్లోకి వెళ్లి, నేను తోమి బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ బూడిద పెట్టి తోమడం మొదలుపెట్టింది.

"వదినా, అవి తోమినవే."

"తెలుసు లే."

నేను అత్త దగ్గరికి వెళ్లాను. "ఎవరత్తా ఆ దేవరాజు?"

"ఎవురో. సంఘంలో పిల్లోడు."

"సంఘంలో పిల్లోడి పెళ్లికి వదిన తోమిన గిన్నెలు తోముతోందే?"

"బి.ఏ. చదివి గిన్నెల మీద గూడా పరీక్ష పెడతాండావా నువ్వు?" అంది అత్త. అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది.

దేవరాజు ఉపదేశి ట్రెయినింగులో చేరి, మధ్యలో మానేసి, ఆర్టీసీలో కండక్టరయ్యాడట. వదినంటే అతనికీ, అతనంటే వదినకీ ఇష్టం. ఆరేళ్ల కింద తనే వచ్చి మామను అడిగాడట.

"ఈయప్ప ఏమన్యాడో తెల్సునా? దేవుని పని ఇడిసిపెట్టి టికెట్లు చింపేటోనికి నా బిడ్డను ఇయ్యను, పో అన్యాడు. వాడు పాయె. మళ్లా రాలా. ఈయప్ప మళ్లా పిలవలా. అయిపాయె."

"మరి వదిన ఏమంది?"

"ఏమీ అనల్యా. ఎవురినీ చేసుకోనని మాత్రం అనింది."

ఏమీ అనకపోవడమంటే మా అత్త లెక్కలో అదన్నమాట.

మరునాడు ఆళ్లగడ్డలో మా అక్కకు పుట్టిన బిడ్డను చూసిరావాలని నాకు హఠాత్తుగా ప్రేమ పొంగింది. వదినతో పాటు బస్సెక్కాను. ఎక్కాక చూస్తే కండక్టరు అతనే; పేరు తెలీకపోయినా గుడిలో మగవాళ్ల వైపు చూసిన ముఖమే. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి, చెవి దగ్గర రెండు తెల్లవెంట్రుకలు. నిన్ననే గుడిలో అతని పెళ్లి ప్రకటన చదివారు. ఈమె ఎదురుగా కూర్చుని ఉంది. ఏదో ఒకటి జరిగి తీరాలి. వారపత్రికల్లో సీరియల్ కథలు చదివి చదివి నాకు అలాంటి ఆశలుండేవి.

అతను మా సీటు దగ్గరికొచ్చి వదినను అడిగాడు.

"యాడికి?"

"ఆళ్లగడ్డ."

టికెట్టు చింపి ఇచ్చి ముందుకు వెళ్లిపోయాడు. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. శిరివెళ్ల దాటినా మూతపడలేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే," అంది వదిన కిటికీలోంచి శనగచేలు చూస్తూ. "ఆరేండ్లాయె. దినామూ ఆళ్లగడ్డలోనే దిగుతానని ఆయనకు తెలీదా? అడగాల్సిన పనే ల్యా. అయినా అడుగుతాడు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఉన్నది ఏడుపని నేను అనుకోవాలని చూశాను. కాదు. సంపన్నురాలైన మనిషి ముఖం అది. నా పెళ్లయి ఏడాది. మా ఆయన నాతో రోజుకు రెండు వందల మాటలు మాట్లాడతాడు. అందులో తెలిసి కూడా అడిగిన మాట ఒక్కటి లేదు.

రెండో ఆదివారం రెండో ప్రకటన అయింది. మూడో ఆదివారం తర్వాత మంగళవారం పెళ్లి. బుధవారం నుంచి లెంటు. అంటే ఈస్టరు ముందు ఉపవాసాలు, శ్రమకాల కూడికలు జరిగే నలభై దినాలు. ఆ దినాల్లో మా గుడిలో పెళ్లిళ్లు చెయ్యరు. అందుకే ఆ తొందర. దేవరాజు తల్లి మరియమ్మ విందుకు రెండు మేకపోతుల్ని కూడా కొని ఇంటి ముందు కట్టేసింది.

మూడో ఆదివారం అయ్యగారికి అవుకు దగ్గర ఎవరో పోయారని కబురొచ్చింది. ఆయన వెళ్తూ ఆరాధన మామకు అప్పగించారు. ప్రకటన చీటీతో సహా.

మామ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "ఈ సంఘస్థుడైన దేవరాజునకును, ఆళ్లగడ్డ సంఘస్థురాలైన జీవరత్నమునకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఇది మూడవ ప్రకటన. అభ్యంతరమున్నవారు తెలియజేయవలెను."

ఆ రోజు వెనక వరసలో ముసలాయన కూడా దగ్గలేదు.

సంఘపెద్ద కొండయ్య మెల్లగా లేచాడు. "ఉపదేశీ, పిల్ల పేరు ఇంగోసారి చదువప్పా."

వినపడలేదేమో అనుకున్నాడు మామ. గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడదీసి, ఆఖరి వరసకు కూడా అందేలా మళ్లీ చదివాడు. "దేవరాజునకును, జీవరత్నమునకును."

చేతిలో చీటీ ఉంది. కళ్ల ముందు ప్రేమకుమారి అని రాసి ఉంది. నోట్లోంచి మాత్రం కూతురే వచ్చింది. రెండోసారి కూడా.

"ఏం చదువుతాండావయ్యా!" మరియమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచింది. "నా కోడలి పేరు అదా? నీ కూతురు గుర్తుందిలే గానీ, కాగితం సూసి చదువు!"

అప్పుడు చూశాడు మామ. చీటీ చూశాడు. మమ్మల్ని చూశాడు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, తప్పంతా అద్దాలదే అన్నట్టు. రెండో చేత్తో బల్ల పట్టుకున్నాడు. మగవాళ్ల వైపు దేవరాజు తలెత్తి, గుడి అని కూడా చూడకుండా, మా వరస వైపు చూస్తున్నాడు. జనం గుసగుసలు తేనెతుట్టె కదిలినట్టు లేచాయి. అత్త నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే తర్వాత గోళ్ల గుర్తులు చూసి మా ఆయన పిల్లి గీరిందా అని అడిగాడు.

పక్కన వదిన లేచి నిలబడింది. అభ్యంతరం చెబుతుందో, ఏడుస్తుందో, బయటికి పోతుందో అని గుడి మొత్తం ఆమె వైపు తిరిగింది.

వదిన పాట నంబరు చెప్పింది. చెప్పి ఎత్తుకుంది.

ఆ పాటకు ఇంకా చాలా సమయముంది, మధ్యలో ప్రసంగం కూడా ఉంది. అయినా పాట మొదలైతే పాడకుండా ఎలా ఉంటారు? గుడి మొత్తం లేచి పాడింది. ఆ పాట అయ్యేలోపు మామ కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ నిలబడగలిగాడు. తండ్రిని అలా గట్టెక్కించింది.

సాయంత్రం అయ్యగారు వచ్చాక పంచాయతీ. పేరు సరిచేసి పెళ్లి కానిద్దామని కొండయ్య అన్నాడు. మరియమ్మ ఒప్పుకోలేదు. "తప్పు చదివిన పెండ్లి తప్పుగానే పోతాది. మళ్లా సరిగ్గా చదవాల్సిందే." అయ్యగారూ అదే పద్ధతన్నారు. మళ్లీ చదవాలంటే మళ్లీ ఆదివారం రావాలి. ఆదివారం వచ్చేసరికి లెంటు. ఆ విధంగా పెళ్లి ఈస్టరు తర్వాతకి పోయింది. మేకపోతులకు మాత్రం ఆ ఏడాది లెంటు బాగా కలిసొచ్చింది.

ఎందుకలా చదివావని పెద్దలు అడిగితే మామ, "నోటికి అలవాటు," అన్నాడు. ఏం అలవాటు? నాకు నిద్ర పట్టలేదు. మరునాడు కోడికూతకు ముందే లేచి, సాకుకి ఒక చీపురు పట్టుకుని వసారా తలుపు దగ్గర నిలబడ్డాను. మామ దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి, రోజూలాగే సణుగుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. ఏడాదిగా ఆ సణుగుడు వింటున్నాను గానీ మాటలు ఎప్పుడూ వినలేదు.

"...కమలమ్మను కాపాడు తండ్రీ. ఇస్సాకును. రూతును." నా పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు; నాకది నచ్చలేదు. "జీవరత్నం దేవరాజులను."

ఒకే ఊపిరిలో. ఒకే పేరులా.

నా వెనక అత్త నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"ఆరేండ్లుగా ఇదే," అంది గొంతు తగ్గించి. "పొమ్మన్న దినం రాత్రంతా నిద్ర పోలా. తెల్లార్తో మొదలుపెట్టినాడు."

"మరి ఆ మాట ఆయన్ని పిలిచి చెప్పొచ్చు కదా!"

"పో అన్న నోటితో రా అని ఎట్లంటాడే? దేవుడే తోలుకోనొస్తాడని సూస్తాండె."

నేను చీపురు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. పైనున్న తండ్రికి రోజూ చెప్పుకున్నాడు. రైల్వేగేటు అవతలున్న దేవరాజుకు ఒక్కసారి చెప్పలేదు. మధ్యలో మా వదిన ముప్పై దాటింది.

లెంటులో రెండో వారం, ఒక సాయంత్రం డ్యూటీ దిగి దేవరాజు మా ఇంటికొచ్చాడు. ఖాకీ చొక్కాతోనే. ఆరేళ్ల తర్వాత ఆ గడప తొక్కడం. వదిన వసారాలో ఇరుగుపొరుగు పిల్లల పలకలు దిద్దుతోంది. నేను తలుపు పక్కన చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరడానికి కూర్చున్నాను. అవి పొద్దున ఏరిన బియ్యమే.

"కూర్చో," అంది వదిన.

అతను కూర్చోలేదు. "ఉపదేశయ్య నోట్లోంచే వచ్చె. ఒకసారి గాదు, రెండుసార్లు. సంఘమంతా ఇనింది. ఇంగ నాకు ఆ పెండ్లి వొద్దు. మా యమ్మకు నేను చెప్పుకుంటా. నువ్వు ఊ అను, సాలు."

లోపల్నుంచి మామ వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. "దేవరాజూ, ఆ పొద్దు నేనన్నది తప్పు నాయనా. ఇస్తా. కూర్చో."

ఆరేళ్లు దేవుడి దగ్గర దాచుకున్న మాట అంత సులువుగా బయటికొచ్చేసింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. సంతోషం వచ్చినా ఆమెకు అదే దారి. నేనైతే మనసులో ఆ మేకపోతుల్ని మా ఇంటికి తోలుకొచ్చేశాను కూడా.

వదిన సుద్దముక్క కింద పెట్టింది.

"ప్రేమకుమారికి ఎవురు చెప్తారు?"

అత్త నోట్లోంచి కొంగు తీసింది.

"ఆ పిల్ల నా దగ్గర ఎనిమిదో తరగతి చదివింది. పోయిన నెల బడికాడికొచ్చి, టీచర్ మీరే పాట పాడాల నా పెండ్లిలో అని చెప్పిపాయె. ఆళ్లగడ్డ గుడిలో మూడు ఆదివారాలూ ఆ పిల్ల పేరు సరిగ్గానే చదివినారు."

"దానికేమే, వయసులో ఉండాది, ఇంగో సంబంధం..." అని అత్త అందుకోబోయింది.

"ఆగుమా." వదిన దేవరాజు వైపు తిరిగింది. ఆమె అతని ముఖంలోకి తిన్నగా చూడడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఒక్క మాట అడుగుతా. మా నాయన నోరు జారకపోయింటే, ఆ మంగళవారం నువ్వు తాళి కట్టింటావు గదా?"

అతను తోలుసంచి పట్టీని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పు, చెప్పు అని నేను చేటలోంచి బతిమాలుతున్నాను.

"కట్టింటా," అన్నాడు.

"ఆ." వదిన తల ఊపింది, లెక్క సరిగ్గా చెప్పిన పిల్లాడికి ఊపినట్టు. "మా నాయన దేవునికి చెప్పుకున్యాడు, నీకు చెప్పలా. నువ్వు యాడికి అని అడిగినావు, రా అనలా. నేనేం తక్కువ తిన్యానా? దినామూ బస్సెక్కేటప్పుడు అనుకుంటాంటి. ఈ పొద్దు చాగలమర్రి అని చెప్తా, ఆళ్లగడ్డలో దిగకుండా కూర్చుంటా, ఏం చేస్తాడో సూస్తా అని. నువ్వు అడిగేతలికి నోట్లోంచి ఆళ్లగడ్డనే వస్తాండె."

"ఇప్పుడు చెప్పు," అన్నాడు దేవరాజు.

"ఇప్పుడు ఆ సీట్లో ఇంగొగరు కూర్చోనుండారు గదప్పా."

చేట నా ఒళ్లోంచి జారి బియ్యం వసారా అంతా పడింది. ఎవరూ అటు చూడలేదు. ఇలా జరగకూడదు. తండ్రి దిగొచ్చాడు, అతను దిగొచ్చాడు, పెళ్లి దానంతటదే ఆగింది, గుడిలోనే పేర్లు కలిశాయి. ఇంతా అయ్యాక వద్దనే ఆడది ఏ సీరియల్లోనూ నాకు తగల్లేదు. లేచి ఆమె భుజాలు పట్టి కుదిపెయ్యాలనిపించింది.

"మీ యమ్మ సూస్తాంటాది. బేగా పో," అంది వదిన, పలక చేతిలోకి తీసుకుని.

అతను పోయాడు. ఈసారి పొమ్మన్నది తండ్రి కాదు. మామ గడప మీద కూర్చుని చీకటి పడేదాకా కదల్లేదు. వదిన వచ్చి నాతోపాటు బియ్యం ఎత్తింది. అప్పుడు చూశాను. పిడికిట్లోకి ఎత్తిన గింజలన్నీ వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. మళ్లీ ఎత్తుతోంది. మళ్లీ కారిపోతున్నాయి.

ఈస్టరు వెళ్లాక మూడో ప్రకటన అయ్యగారే చదివారు. మామను ముందు జాగ్రత్తగా వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. పెళ్లి ఆళ్లగడ్డలో జరిగింది. వదిన పాట పాడింది. ప్రేమకుమారి బుగ్గలు నిండా నవ్వుతూ వచ్చి, "టీచర్, మీరు పాడితే నాకు ఏడుపొచ్చె," అంది. పందొమ్మిదేళ్ల పిల్ల. దాన్ని చూశాక నాకు కోపం తెచ్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు. నలభై రోజులు మేసి బలిసిన ఆ మాంసం చాలా బాగుందని అందరూ అన్నారు. నేను కూడా తిన్నాను.

మరునాడు తెల్లవారుజామున వసారాలో మామ సణుగుడు. ఇస్సాకును, రూతును, జీవరత్నం... అక్కడ ఆగిపోయాడు. ఆరేళ్ల అలవాటు గొంతులో అడ్డం పడింది. మింగలేడు, చెప్పలేడు. నేను పక్క మీద లేచి కూర్చున్నాను.

పొయ్యి దగ్గర్నుంచి వదిన గొంతు వినబడింది. "దేవరాజు అను నాయనా. ఏం గాదు. ప్రేమకుమారిని గూడా చేర్చుకో."

మామ అన్నాడు. మూడు పేర్లూ.

వేసవి సెలవుల ముందు ఆఖరి బడిరోజు. మా అక్క పుట్టింటికి బయల్దేరుతోంది, నేను తోడు వెళ్లి తీసుకురావాలి. నిజంగానే. వదినతో బస్సెక్కాను. పెళ్లి సెలవు అయిపోయి దేవరాజు డ్యూటీలో ఉన్నాడు. చేతికి కొత్త గడియారం. మా సీటు దగ్గరికొచ్చి ఆగాడు. అడగడేమో అనుకున్నాను. ఇంక అడగడానికి ఏముంది?

"యాడికి?" అన్నాడు.

వదిన అతని వైపు చూడలేదు. ఒళ్లో బ్యాగు మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుని చెప్పింది.

"చాగలమర్రి."

దేవరాజు చెయ్యి టికెట్ల కట్ట మీద ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "సిల్లర ఇయ్యప్పా, కండక్టరూ" అని అరుస్తున్నారు. అతనికి వినపడలేదు. చాలాసేపటికి టికెట్టు చింపాడు. చాగలమర్రిదే. వదిన తీసుకుని, మడత పెట్టకుండా, బొటనవేలి కింద పట్టుకుని కూర్చుంది.

శిరివెళ్ల పోయింది. చేలన్నీ కోతలై ఎండకి పగుళ్లిచ్చి ఉన్నాయి. నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా జీవితంలో అంత దూరం మాట్లాడకుండా పోవడం అదొక్కసారే. అతను వెనక తలుపు దగ్గర నిలబడి, ఒక్కసారి కూడా మా వైపు రాలేదు.

ఆళ్లగడ్డ వచ్చింది. బస్సు ఆగింది. నేను లేవలేదు, వదిన ఏం చేస్తుందోనని.

వదిన లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. దిగేటప్పుడు తలుపు దగ్గర అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "ఇంగా ఉండాది గదా టికెట్టు," అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేలా. వెనకే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"ఉండనీలే," అంది వదిన.

దిగి, ఎండలో కొంగు తల మీదికి లాక్కుని, బడివైపు నడిచింది. బస్సు చాలాసేపు కదల్లేదు. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాక గానీ రైట్ అన్న కేక వినబడలేదు.